చేతి మీద నంబరు

"ఈడ తిన్న కంచం తియ్యవు, ఆడికి పోయి పరాయోళ్ళ దుప్పట్లు దులుపుతుండావా?"

2023 అక్టోబరులో లావోస్ నుంచి వీడియో కాల్ చేస్తే మా అమ్మ అన్న మొదటి మాట ఇది. నా వెనకాల తీగల మీద పద్దెనిమిది తెల్ల దుప్పట్లు ఆరుతున్నాయి, దాచే వీలు లేదు. పక్కనుంచి నాయన "జీతమెంతంట?" అని అడిగాడు. జీతం లేదు నాయనా, పడుకునేదానికి మంచం ఇస్తారు, పొద్దున టిఫిను, రాత్రి భోజనం పెడతారు అన్నాను. అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత అమ్మే అంది: "జీతం లేని పనికి అంత దూరం పోవాల్నా? మీ పెదనాయన ఇంట్లో గొడ్లుండాయి గదా."

నవ్వి ఫోన్ పెట్టేశాను. చెప్పేదానికి ఏమీ దొరక్క నవ్వాను.

ఇదంతా మళ్ళీ ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య మా బావ ఒక ప్లాను వేశాడు. నెల్లూరు జిల్లాలో సోమశిల డ్యామ్ దిగువన, పెన్న ఏటి ఒడ్డున నాలుగు గదుల హాస్టల్ (చదువుకునే పిల్లలది కాదు, టూరిస్టులకు మంచం లెక్కన అద్దెకిచ్చేది), పది టెంట్లు, యాభై ట్యూబులు. చెన్నై, బెంగుళూరు నుంచి శని ఆదివారాలు కుర్రాళ్ళు వస్తారు, ట్యూబులో కూర్చోబెట్టి ఏట్లో వదిలితే కింద రేవులో తేలతారు, అంతే వ్యాపారం. "నువ్వు ఆ దేశంలో చేసొచ్చిన పనే గదా" అని నన్ను భాగానికి రమ్మన్నాడు. నేను రానన్నాను. అప్పట్నుంచి ఇంట్లో నాకు పిరికోడని పేరు. వద్దనడానికి కారణం పెళ్ళి భోజనాల మధ్య రెండు ముక్కల్లో చెప్పగలిగేది కాదు.

ట్యూబు నాకు కొత్త కాదు. మా ఊరు సంగానికి ఎగువన, పెన్న ఒడ్డున. మా కంటే ముందు తరం వాళ్ళు వీపుకు ఎండు సొరకాయలు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నారు. మా కాలానికి లారీ ట్యూబు వచ్చింది. పంక్చర్ షాపులో ఇక పనికిరాదని పక్కన పడేసిన దాన్ని బతిమాలి తెచ్చుకుని, నాలుగైదు ప్యాచీలు వేయించుకునేవాళ్ళం. దానితో రెండు బాధలు. ఒకటి, ఎండకు నల్ల రబ్బరు కాలిపోయి ఉంటుంది, నీళ్ళు చల్లకుండా కూర్చుంటే తొడలు చురుక్కుమంటాయి. రెండోది, గాలి కొట్టే ఇత్తడి మూతి. అది పక్కటెముకల మీద గీసుకుపోతే వారం రోజులు చొక్కా తగిలినా మంటే. మూతిని కిందికి తిప్పుకుని ఎక్కాలన్న తెలివి దెబ్బ తిన్నాకే వస్తుంది. అదే తెలివిని ఇరవై ఏళ్ళ తర్వాత వాంగ్ వియెంగ్‌లో జర్మనీ అమ్మాయికి నేర్పించి పెద్ద నిపుణుడిలా తల ఎగరేశాను.

వాంగ్ వియెంగ్ లావోస్‌లో ఒక చిన్న ఊరు. నేను బ్యాంకాక్ నుంచి రాత్రి రైల్లో నాంగ్ ఖాయ్ చేరి, మెకాంగ్ మీద స్నేహ వంతెన దాటి వియంటియాన్ వెళ్ళాను. అక్కడి నుంచి 2021లో మొదలైన చైనా రైల్లో గంట ప్రయాణం. ఊరి పక్కనే నామ్ సాంగ్ నది. లావో భాషలో నామ్ అంటే నీళ్ళు. నదికి అవతల సున్నపురాయి కొండలు పళ్ళ వరసలా నిటారుగా లేచి ఉంటాయి, మధ్యలో వరి మళ్ళు. ఆ మళ్ళు చూసి మనసు స్థిమితపడింది. అన్నం వెదురు బుట్టలో వస్తుంది, జిగురన్నం, చేత్తో ముద్ద చేసుకుని పచ్చడిలో అద్దుకుని తినడమే. నెల్లూరోడికి అంతకంటే ఏం కావాలి? చేపల పులుసు ఒక్కటే తక్కువ.

నేను పని చేసిన హాస్టల్ ఊరికి కాస్త దూరంగా, మళ్ళ మధ్య ఉంది. నడిపేది యాభై దాటిన ఒక ఆమె. నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. అర్థం చెబితే నచ్చింది, వంటామె చేత కూడా నన్ను తమ్ముడూ అని పిలిపించింది. రోజుకు ఐదు గంటలు పని, వారానికి ఐదు రోజులు. పొద్దున పక్కలు మార్చాలి. అంతస్తుల మంచంలో పైదానికి దుప్పటి వెయ్యడం ఒక విద్య. నిలబడితే చెయ్యి గోడవైపు మూలకు అందదు, ఎక్కితే మన బరువుకే పరుపు కుంగి దుప్పటి లాగుకుపోతుంది. మోకాళ్ళ మీద ఎక్కి, గోడవైపు రెండు మూలలూ ముందు దోపి, వెనక్కి పాక్కుంటూ దిగుతూ ఇవతలి మూలలు సర్దాలి. అక్క ఇది నలభై సెకన్లలో చేసేది. నాకు మొదటిరోజు ఒక్కో పక్కకు ఆరు నిమిషాలు పట్టింది, తల పైకప్పుకు రెండుసార్లు కొట్టుకుంది.

ఇక్కడ ఒక మాట. పనికి బదులు మంచం అనే ఈ ఏర్పాటు గురించి ఇంటర్నెట్‌లో అందరూ అమృతం తాగినట్టు రాస్తారు. సంస్కృతుల కలయిక అంటారు, డబ్బు లేకుండా ప్రపంచం చూడొచ్చంటారు. నాకు అంత నమ్మకం లేదు. నేను మార్చే పక్కలే మార్చే లావో అమ్మాయి ఒకతె ఉండేది. ఆమెకు జీతం ఉంది, ఇంటి దగ్గర పసిపిల్ల ఉంది. మాలాంటి వాళ్ళు ఇంకో ఇద్దరు వస్తే ఆ అమ్మాయి పని ఏమవుతుంది అని ఒకరోజు అక్కను అడిగాను. "మీరు నెలకు పోతారు, ఆమె పోదు" అంది. అందరు యజమానులూ అలా ఆలోచించరు. అదీగాక టూరిస్టు వీసా మీద ఇలాంటి పని చెయ్యడం చాలా దేశాల్లో నిబంధనలకు విరుద్ధం. డబ్బు చేతికి రాకపోయినా, మంచానికి బదులు చేస్తే అది పనే. నేను వెళ్ళేముందు ఆ సంగతి పట్టించుకోలేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు అదే చెబుతున్నాను. దారి లేదని కాదు. 2024 నుంచి ఆస్ట్రేలియా 18–30 ఏళ్ళ భారతీయుల్లో ఏటా వెయ్యి మందికి లాటరీ తీసి, పని చేసుకుంటూ తిరిగే వీసా ఇస్తోంది. లాటరీలో పేరు రావాలి, అది వేరే సంగతి.

మధ్యతరగతి పిల్లాడు పరాయి దేశంలో బాత్రూమ్ కడిగి ఫొటో పెడితే "ఎంత సింపుల్" అంటారు. మా ఊళ్ళో అదే పని చేసే మనిషిని ఇంట్లోకి రానివ్వని వాళ్ళే ఆ ఫొటోకు లైకు కొడతారు. నాకూ ఎనభై దాకా వచ్చాయి, అందులో మా పెదనాయనదీ ఒకటి.

సరే, ట్యూబుల సంగతికి వస్తాను. వాంగ్ వియెంగ్‌లో ట్యూబులు మొదలైంది కూడా ఇలాంటి పనివాళ్ళ వల్లే. 1990ల చివర్లో అక్కడ సేంద్రియ వ్యవసాయం చేసే ఒక రైతు, తన తోటలో పని చెయ్యడానికి వచ్చిన విదేశీ కుర్రాళ్ళు సాయంత్రాలు సేద తీరతారని కొన్ని ట్యూబులు కొని ఇచ్చాడు. వాళ్ళు ఊరెళ్ళి పదిమందికి చెప్పారు. పదేళ్ళు తిరిగేసరికి నది రెండు ఒడ్లా బార్లు వెలిశాయి. బకెట్లలో సారా, చెట్లకు ఊగే తాళ్ళు, ఎత్తు నుంచి జారే బల్లలు. కింద రాళ్ళెక్కడున్నాయో తాగినోడికి ఏం తెలుస్తుంది? 2011లో ఒక్క ఏడాదే ఆ ఊరి ఆస్పత్రి లెక్కల్లో 27 మంది పర్యాటకులు చనిపోయారు. 2012లో ప్రభుత్వం కలగజేసుకుని ఒడ్డున ఉన్న బార్లు మూయించింది. మొదలుపెట్టిన రైతే చివరికి పాటల హోరుకు విసిగిపోయి గోల పెట్టాడట. నేను వెళ్ళేసరికి నది చాలావరకు నెమ్మదించింది. అయినా మరుసటి ఏడాది, 2024 నవంబరులో, కల్తీ మద్యం తాగి ఆరుగురు విదేశీయులు చనిపోయారన్న వార్త అదే ఊరి నుంచి వచ్చింది. నేను నడిచిన వీధులే టీవీలో చూపిస్తుంటే అమ్మ నా ముఖం వంక చూసింది, ఏమీ అనలేదు.

ట్యూబు తీసుకునే చోట చేతి వెనక మార్కర్‌తో నంబరు రాస్తారు. డిపాజిట్ కట్టించుకుంటారు. సాయంత్రం చీకటి పడకముందు తిరిగి ఇస్తే డిపాజిట్ చేతికొస్తుంది. మొదట్లో నేనూ అందరిలాగే అది ట్యూబు పోతుందన్న భయంతో అనుకున్నాను. అక్క దగ్గర ఒక పుస్తకం ఉండేది, రూళ్ళ పుస్తకం, స్కూలు పిల్లలు వాడేది. మా హాస్టల్ నుంచి ఎవరు పోతున్నారు, చేతి మీద నంబరెంత, ఎన్నింటికి పోయారు. తిరిగొస్తే ఎదురుగా టిక్కు. రెండోవారం నుంచి ఆ పుస్తకం నాకిచ్చింది. దుప్పట్ల కంటే ఇదే నీ అసలు పని అంది.

నేను చేరిన మొదటి వారంలో కొండల్లో వానలు పడి నది టీ రంగుకు తిరిగింది. ఆరోజు అక్క ఎవరినీ పోనివ్వలేదు. ఆరడుగుల ఆస్ట్రేలియా అబ్బాయి ఒకడు వాదనకు దిగాడు. తాను సముద్రంలో ఈదినవాణ్ణి, ఇదొక లెక్కా అన్నాడు. ఆమె అతన్ని ఒడ్డుకు తీసుకెళ్ళి నది మధ్యలోకి వేలు చూపించింది. "అక్కడ ఒక రాయి ఉంది. అది కనిపిస్తే పో." రాయి లేదు, దాని మీదుగా నీళ్ళు మెలి తిరిగి పోతున్నాయి. మూడోరోజు మధ్యాహ్నానికి రాయి వీపు బయటపడింది, పడుకున్న గేదెలాగ. అప్పుడు పంపింది.

ఇంకోరోజు సాయంత్రం ఐదున్నరయింది. పదకొండు మంది పోయారు, తొమ్మిదిమందే వచ్చారు. 41, 42 నంబర్ల ఎదురుగా టిక్కు లేదు. ఇద్దరూ ఇజ్రాయెల్ నుంచి వచ్చిన స్నేహితులు. వస్తారులే అన్నాను నేను. అక్క పొయ్యి ఆపేసింది. టార్చి తీసుకుని బండి తీసింది, నేను వెనక కూర్చున్నాను. నది వెంబడి ఒక్కో దుకాణం దగ్గర ఆపి ఆమె అడుగుతోంది, నేను టార్చి వేసి నీళ్ళ మీదకు చూస్తున్నాను. చీకట్లో ప్రతి నల్లరాయీ ట్యూబులాగే కనపడింది. అరగంట తర్వాత దొరికారు. వంతెన పక్కన నూడుల్స్ బండి దగ్గర, ట్యూబుల మీదే కూర్చుని సూప్ తాగుతున్నారు. నేనైతే నాలుగు తిట్టేవాణ్ణి. ఆమె ఒక్కమాట అనలేదు. బండివాడి దగ్గర తడిగుడ్డ అడిగి తీసుకుని, వాళ్ళ చేతులు ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని నంబర్లు తుడిచేసింది. సరిగా పోకపోతే ఉమ్మి పెట్టి మళ్ళీ రుద్దింది. ఆ అంకెలు చెరిగాకే ఆమె ముఖం తేటపడింది. హాస్టల్‌కు వచ్చి నాచేత రెండు టిక్కులు పెట్టించి, అప్పుడు పొయ్యి వెలిగించింది.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "అంటే పొద్దుగూకినాక గొడ్లను లెక్కబెట్టుకున్నట్టే గదా" అంది. అవునమ్మా, అంతే అన్నాను. "అదేదో మీ పెదనాయన దగ్గర నేర్చుకోనుంటే విమానం ఖర్చు మిగిలుండేది." ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

మా బావ ప్లానులో ట్యూబులున్నాయి, టెంట్లున్నాయి, డ్రోన్‌తో తీసే వీడియో ఉంది, బిర్యానీ ఎవరు వండుతారో కూడా ఉంది. లెక్కబెట్టే మనిషి లేడు. "లైఫ్ జాకెట్లు పెడదాంలే" అంటాడు. జాకెట్లు పెట్టాలి, కాదనను. కానీ ఈరోజు ఎవరూ దిగొద్దు అని చెప్పేదెవరు, శనివారం నలభైమంది అడ్వాన్సు కట్టి వచ్చి నిలబడితే?

మనవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. 2017 నవంబరు 12న, కార్తీకమాసం ఆదివారం, ఒంగోలు నుంచి విహారానికి పోయినవాళ్ళు విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో పడవ తిరగబడి చనిపోయారు. ఇరవైమందికి పైగా. పొద్దున పూట కలిసి నడిచే స్నేహితులు, వాళ్ళ కుటుంబాలు. ఆ పడవకు అనుమతే లేదని తర్వాత బయటపడింది. అనుమతి సంగతి అధికారులు చూసుకోవాలి, నిజమే. కానీ ఆ సాయంత్రం రేవులో నిలబడి "వద్దు, ఇది ఎక్కొద్దు" అనే మనిషి ఒక్కడుంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక ఏరు. నామ్ సాంగ్ సన్నగా, గులకరాళ్ళ మీద, ఒక దారిలో పోయే నది. పెన్న అలాంటిది కాదు. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికొచ్చేసరికి వెడల్పాటి ఇసుక. 78 టీఎంసీల సోమశిల ఎగువన కూర్చుని ఉంది. డెల్టా పైరుకు నీళ్ళు వదిలితే ఏరు పారుతుంది, ఆపితే పాయలు పాయలుగా చీలి ఆగిపోతుంది. సంగం దగ్గర 2022లో కొత్త బ్యారేజీ ప్రారంభమయ్యాక దాని వెనక నీళ్ళు నిలిచే ఉంటాయి, అక్కడ ట్యూబు వేస్తే కదలదు. నిలిస్తే చెరువు, వదిలితే వరద, ఇదీ మన ఏరు. 2021 నవంబరులో ఏం జరిగిందో నెల్లూరోళ్ళకు చెప్పే పని లేదు. ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, సోమశిల గేట్లన్నీ ఎత్తారు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. మా ఊళ్ళో పొర్లుకట్ట మీద రెండు రాత్రులు కూర్చున్నాం.

మాకూ ఒక రాయి ఉండేది. రాయి అంటే, రేవులో మెట్లు. మూడో మెట్టు మునిగితే ఏట్లో దిగకూడదని చిన్నప్పుడు పెద్దవాళ్ళ మాట. ఆ మాట ఎవరిదని వెతికితే చివరికి మా ఊరి పక్క యానాది కాలనీలోని తాత దగ్గర తేలుతుంది. చెరువుల్లో, ఏట్లో లారీ ట్యూబు మీద కూర్చుని వలేసి చేపలు పట్టే మనిషి. డెబ్బై దాటినా ఇప్పటికీ పడతాడు. మేము సరదాకు ఎక్కిన ట్యూబు ఆయనకు నాగలి లాంటిది. ఏట్లో ఎవరైనా కొట్టుకుపోతే పోలీసులకంటే ముందు ఆయన్నే పిలుస్తారు. పిలిచినప్పుడు పోతాడు, తీసుకొస్తాడు. ఆ తర్వాత ఆయన ఊసు ఎవరికీ ఉండదు.

బావతో చివరికి నేనన్నది ఇది: తాతను భాగస్వామిగా పెట్టుకో. కూలికి కాదు, భాగానికి. ఆయన దిగమంటేనే దిగాలి, వద్దంటే ఆరోజు డబ్బు వెనక్కి ఇచ్చెయ్యాలి. పుస్తకం ఆయన మనవరాలి చేతిలో ఉండాలి, డిగ్రీ చదువుతోంది గదా. దీనికి ఒప్పుకుంటే నేనూ వస్తాను, దుప్పట్లు కూడా నేనే వేస్తాను. బావ కాసేపు ఆలోచించి, సరే ముందు ఆయన్ను అడుగుదాం పద అన్నాడు. అంతవరకు మెచ్చుకోవాలి.

మేనెలలో పోయాం. తాత మా మాట అంతా విని బీడీ ఆర్పి, "మూడో మెట్టు లెక్క ఇప్పుడు నడవదు అబ్బయా" అన్నాడు. ఎందుకు తాతా అంటే, రండి చూపిస్తా అని చేతికర్ర తీసుకుని ఏట్లోకి దిగాడు. ఏరు ఎండి ఉంది. మోకాళ్ళ ఎత్తు కంప, లారీల చక్రాల దారులు. యంత్రాలు పెట్టి ఇసుక తోడిన చోటల్లా గుంటలు. పైన చూస్తే పచ్చటి నీటి మడుగులు, అంచున తెల్ల కొంగలు, ఫొటోకు చాలా బాగుంటుంది. బావ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. నీళ్ళొచ్చినప్పుడు పైనంతా ఒకటే మట్టంగా కనపడుతుందంట. మొలలోతులో నడిచే మనిషి ఇంకో అడుగు వేస్తే అడుగుండదు. అంచు ఇసుక కాబట్టి పట్టుకుంటే జారిపోతుంది. ట్యూబు మీద నుంచి పడినోడు లేచి నిలబడదామనుకుంటే నిలబడేదానికి నేలుండదు. పోయినేడు వదిలిన నీళ్ళకు కొన్ని పూడినాయి, కొన్ని చోటు మారినాయి అన్నాడు. "నాకే తెలవదు ఇప్పుడు."

నేను లెక్కబెడుతూ నడిచాను, అలవాటు. రెండు కిలోమీటర్లు పోయామో లేదో పదకొండోది వచ్చింది. తాత అంచున గొంతుక్కూర్చుని కర్ర దించాడు. ఆయన భుజం దాకా వచ్చే కర్ర అది. మొత్తం మునిగింది, చెయ్యి మోచేతి దాకా నీళ్ళలోకి పోయింది, కర్రకు అడుగు తగల్లేదు.

బావ వీడియో ఆపేశాడు. "సంగం ఇంకా ఎంత దూరం?" అన్నాడు.

తాత కర్రకున్న నీళ్ళు పంచెతో తుడుచుకుంటున్నాడు. నేను చేతి వెనక పెన్నుతో పదకొండు అని రాసుకున్నాను, మర్చిపోతానని.